అండమాన్‌లో పిల్లల కోసం ప్రైవేటు బోటు మాట్లాడుకుంటున్నవారికి జాగ్రత్త: ‘మన తెలుగు అన్న’ చేతిలో మేము మోసపోయిన తీరు

ఈ పోస్టు కోపంలోనే రాస్తున్నాను. కోపం చల్లారాక రాస్తే మొహమాటం అడ్డొచ్చి సగం దాచేస్తానని నాకు తెలుసు. హేవ్‌లాక్ దీవి నుంచి తిరిగి వచ్చి రెండు రోజులైంది; రేపు మధ్యాహ్నం విమానం; పిల్లలు నిద్రపోయారు కాబట్టి పోర్ట్ బ్లెయిర్ గదిలో కూర్చుని ఇది పూర్తి చేస్తున్నాను. (ప్రభుత్వం వీటికి స్వరాజ్ ద్వీప్ అనీ శ్రీ విజయపురం అనీ పేర్లు పెట్టింది కానీ, జెట్టీ దగ్గర ఎవరి నోట విన్నా ఇంకా పాత పేర్లే.)

అండమాన్ యాత్రల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవారికి ‘అన్న’ ఎవరో నేను చెప్పనక్కరలేదు. తెలియనివారికి: బోటు ట్రిప్పులు కుదిర్చే మనిషి; ప్రొఫైల్ ఫోటోలో నల్ల కళ్లద్దాలు, వెనుక నీలి సముద్రం, ప్రతి మెసేజి చివర దండం బొమ్మ. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు; రాయకపోయినా గుర్తుపట్టేవారు గుర్తుపడతారు, ఆయన కూడా గుర్తుపడతారు.

ఆయన మాకు అమ్మినది ఇది. బోటు మొత్తం మా నలుగురికే. ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి హేవ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్ దగ్గర పగడపు దిబ్బల మీద మూడు గంటలు. అడుగున గాజు పలక ఉన్న బోటు, పిల్లల సైజు లైఫ్ జాకెట్లు, తొమ్మిదేళ్ల మా బాబును నీళ్లలోకి దింపి చేపలు చూపించడానికి ప్రత్యేకంగా ఒక మనిషి. మొత్తం ₹16,000, అందులో ₹10,000 ముందే పంపాలి. మాట్లాడింది తెలుగులో, అదీ ‘అక్కా, బావగారూ’ అంటూ. కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కట్ట కొసరు వేయించుకోనిదే కదలని నేను, ఏనాడూ ముఖం చూడని మనిషికి రసీదు కూడా అడగకుండా పదివేలు పంపాను. మనవాడే కదా అనుకున్నాను. ఆ మాట ఖరీదు ఎంతో ఇప్పుడు పైసలతో సహా చెప్పగలను.

అసలు అనుమానం అప్పుడే రావలసింది. అండమాన్ రాష్ట్ర జంతువు డుగాంగ్ అని, సముద్రపు గడ్డి మేసే ఆ జీవిని సముద్రపు ఆవు అంటారని మా పాప ఎక్కడో చదివించుకుని వింది. పాపకు ఆరేళ్లు. ఆ జంతువు కనబడడం చాలా అరుదని, ఆశ పెట్టుకోవద్దని మేము నచ్చజెప్పుకున్నాం. పాప స్వయంగా ఫోన్ తీసుకుని అడిగితే ఆయన, ‘కనిపిస్తుంది బంగారం, మన బోటుకు రోజూ వస్తుంది’ అన్నాడు. ఏళ్ల తరబడి డైవింగ్ చేసేవారికే ఎప్పుడో ఒకసారి కనిపించే జంతువు ఈయన బోటుకు హాజరు వేయించుకోవడానికి రోజూ వస్తుందట! విని నవ్వుకున్నాం. పిల్లలతో సరదాగా మాట్లాడుతున్నాడని మెచ్చుకున్నాం కూడా.

బాబు ఒక నోటు పుస్తకంలో జాబితా రాసుకున్నాడు. పగడాన్ని కొరికి తిని ఇసుకగా విసర్జించే చిలక చేప, సీతాకోకచిలుక చేప, విషపు తంతుల సీ అనిమోన్ అనే సముద్రజీవిలో కాపురముండే నారింజ చారల చేప, మనిషి చెయ్యి పట్టేంత నోరున్న పెద్ద ఆల్చిప్ప, తాబేలు. ఒక్కోదాని పక్కన టిక్కు పెట్టడానికి చిన్న గడి. ఆ పుస్తకం ఇప్పుడు సూట్‌కేసు అడుగున ఉంది.

ఆ రోజు ఎనిమిది గంటలు పదకొండు అయ్యాయి, పదకొండు రెండు అయ్యాయి. కోస్ట్ గార్డ్ అనుమతి అన్నాడు, డీజిలు అన్నాడు, గాలి అన్నాడు. ఈ ఆలస్యం ఎందుకు ముఖ్యమో తెలియక మేము చెట్టు కింద ఓపికగా కూర్చున్నాం. అండమాన్ దేశానికి బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కాబట్టి, జనవరిలో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం మూడున్నరకే ఎండ ఏటవాలుగా పడి నీటి లోపలికి వెలుగు సరిగా దిగదు, గాజులో మన ముఖాలే మనకు కనబడతాయి. పైగా అప్పటికి ఆటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గాయి. లోతు లేని చోట బోటు నడిస్తే కింద పగడాలకు గీసుకుంటుంది, బురద లేస్తుంది. అందుకే ఎలిఫెంట్ బీచ్‌కు పోయేవారంతా పొద్దున్నే పోతారు. ఇదంతా తరువాత ఒక ఆటో డ్రైవరు చెబితే తెలిసింది.

రెండింటికి ‘అన్న’ వచ్చాడు. మిగిలిన ₹6,000 తీసుకున్నాక మాత్రమే బోటు చూపించాడు. అందులో అప్పటికే అయిదుగురు ఉన్నారు: గుంటూరు నుంచి వచ్చిన కొత్త దంపతులు, ముగ్గురు కుర్రాళ్లు. మాటల్లో తేలిందేమిటంటే వాళ్లూ ‘ప్రైవేటు’ బోటుకే డబ్బు కట్టారట. అంటే తొమ్మిది మందిమి మూడు ప్రైవేటు బోట్లలో కలిసి ఒకే బోటులో ప్రయాణిస్తున్నామన్నమాట. పిల్లల లైఫ్ జాకెట్లు అడిగితే పెద్దవాళ్లవే ఇచ్చి తాడు బిగించమన్నాడు. ఆరేళ్ల పిల్లకు పెద్దల జాకెట్ తొడిగి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల మీదికి వచ్చేస్తుంది, పిల్ల కిందికి జారిపోతుంది. నీళ్లలో పడితే జరిగేది కూడా అదే. కాళ్ల మధ్య నుంచి కట్టే పట్టీ ఉన్న చిన్న సైజు జాకెట్ పిల్లలకు ఎందుకు కావాలో ఆ క్షణంలో నాకు అర్థమైంది.

ఇక అసలు సంగతి. రెండు రోజులుగా నిద్ర పట్టనివ్వనిది డబ్బు కాదు, ఇది.

బోటు తాడు విప్పుతుండగా ‘అన్న’ బోటు నడిపే కుర్రవాడి దగ్గరకు వంగి, మెల్లగానే, కానీ నాకు వినబడేలా, హిందీలో అన్నాడు: ‘బచ్చోంకో క్యా పతా చలేగా, ఇధర్ హీ ఘుమాకే లే ఆ.’ పిల్లలకేం తెలుస్తుంది, ఇక్కడిక్కడే తిప్పి తీసుకురా అని. ఆ వెంటనే మావైపు తిరిగి, నవ్వుతూ, స్వచ్ఛమైన తెలుగులో, ‘పిల్లలను జాగ్రత్తగా చూసుకోమని చెబుతున్నానక్కా’ అన్నాడు.

మాది హైదరాబాదు. అక్కడే పుట్టి పెరిగిన నాకు హిందీ రాదని ఆ మనిషి ఎలా అనుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తెలుగులో మాట్లాడేవారికి తెలుగు తప్ప ఇంకేమీ రాదనుకున్నాడో, లేక నేను విన్నా చేయగలిగింది ఏమీ లేదని అనుకున్నాడో. రెండవదే అయితే ఆయన అంచనా తప్పు కాదు. ఎందుకంటే నేను విన్నాను, స్పష్టంగా విన్నాను, విని కూడా ఎక్కాను. డబ్బు మొత్తం చేతులు మారిపోయింది, పిల్లలు ఆరు గంటలుగా ఎదురుచూస్తున్నారు, అంతమందిలో గొడవ ఎందుకని మా వారు కళ్లతోనే సైగ చేశారు. అదే ఒక పది రూపాయలు ఎక్కువ అడిగిన రిక్షావాడైతే నా నోరు ఎలా లేచేదో నాకు తెలుసు.

బోటు కదిలిన కాసేపటికి బాబు నా చెవిలో అడిగాడు: ‘అమ్మా, ఆ అంకుల్ బచ్చోంకో క్యా పతా అన్నది మా గురించేనా?’ వాడికి బళ్లో హిందీ రెండవ భాష. మార్కులు బాగానే వస్తాయి. ఆ రోజు రాకుండా ఉంటే బాగుండేదనిపించింది.

జెట్టీ నుంచి ఎలిఫెంట్ బీచ్‌కు బోటులో ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది. మా బోటు పది నిమిషాలకే మడ చెట్ల పక్కన, ముదురు గోధుమ రంగు నీళ్లలో ఆగింది. గాజు పలక గీతలు పడి, పాచి పట్టి, పాత స్నానాల గది కిటికీ అద్దంలా ఉంది. దాని కింద కనిపించినదంతా విరిగిన పగడపు ముక్కలు, బూడిద రంగు బురద. కుర్రవాడు లంగరు విసిరాడు. అది కింద బతికి ఉన్న ఒకే ఒక పగడపు ముద్ద మీద పడిన చప్పుడు మాకు వినబడింది. పగడం రాయి కాదని, లక్షల చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఇల్లని, అటువంటి ముద్ద ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా మాత్రమే పెరుగుతుందని బాబు చదువుకుని వచ్చాడు. వాడు నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

చేపలు లేవని పిల్లలు ముఖాలు వేలాడేసేసరికి కుర్రవాడు బిస్కెట్లు చల్లాడు. నాలుగు బూడిద రంగు చేపలు వచ్చి పోయాయి. అప్పుడు అతను నడుముల్లోతు నీటిలోకి దిగి, అడుగు నుంచి నల్లగా, మెత్తగా ఉన్న సముద్ర దోసకాయ అనే ఒక జీవిని పట్టుకొచ్చి, ‘ఫోటో, ఫోటో’ అంటూ పాప రెండు చేతుల్లో పెట్టాడు. భయపడితే ఆ జాతిలో కొన్ని తమ వెనుక భాగం నుంచి తెల్లటి జిగురు దారాలు చిమ్ముతాయి. చిమ్మింది. అవి పాప వేళ్లకు, గౌనుకు, జుట్టుకు అంటుకుని ఎంత లాగినా రాలేదు. పాప పెట్టిన కేకకు పక్కనున్న కొత్త పెళ్లికూతురు కూడా ఏడ్చేసింది. ఇంతకూ ఆ జీవి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలోనిది. 2001లో సముద్ర దోసకాయలన్నిటినీ అందులో చేర్చారు. అంటే మా ₹16,000లో ఆరేళ్ల పిల్ల చేత చట్టవిరుద్ధమైన పని చేయించే సేవ కూడా కలిసి ఉందన్నమాట.

నలభై నిమిషాల్లో తిరిగి జెట్టీ మీద ఉన్నాం. ‘అన్న’ లేడు. ఫోన్ నాలుగోసారికి ఎత్తాడు. నేను ఎంతో పద్ధతిగా, ఎలిఫెంట్ బీచ్ అని చెప్పి ఎక్కడికో తీసుకుపోయారని, కనీసం సగం డబ్బు వెనక్కి ఇవ్వాలని అడిగాను. సమాధానం యథాతథంగా రాస్తున్నాను: ‘సముద్రం కదక్కా, చేపలకు నేను అపాయింట్‌మెంట్ ఇప్పించలేను. మీరు జూకు పోవలసింది.’ మీరు హిందీలో అన్నది నేను విన్నాను అని చెప్పాను. రెండు క్షణాలు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, ‘విని ఎందుకెక్కారు మరి?’ అని అడిగి పెట్టేశాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ మనిషి మొత్తం వ్యవహారంలో అబద్ధం లేకుండా అన్న ఒకే ఒక్క మాట అది.

గదికి తిరిగి వస్తుంటే దారిలో ఒక బోర్డు కనిపించింది. మడ చెట్లున్న చోట్ల ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయని, నీళ్లలోకి దిగవద్దని. 2010లో ఇదే హేవ్‌లాక్‌లో, రాధానగర్ తీరానికి దగ్గరలో స్నార్కెలింగ్ (నోట్లో గొట్టం పెట్టుకుని నీటి పైన తేలుతూ అడుగు చూడడం) చేస్తున్న ఒక విదేశీ యువతి మొసలి దాడిలో చనిపోయిందని ఆటో డ్రైవరు చెప్పాడు. గదికి వెళ్లి చూస్తే నిజమే. ఆ కుర్రవాడు నీళ్లలోకి దిగింది, మా బాబును కూడా దిగమని పిలిచింది అటువంటి మడ చెట్ల పక్కనే. బాబు అలిగి దిగలేదు. వాడి అలక మీద నేను జీవితంలో మొదటిసారి సంతోషించాను.

ఆ ఆటో డ్రైవరూ తెలుగువాడే, తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. పోర్ట్ బ్లెయిర్‌లో ఇటువంటి కుటుంబాలు చాలా ఉన్నాయి, వారిలో ఎవరినీ నేను ఏమీ అనడం లేదు. పైగా ఆయన చెప్పిన దారినే నిన్న పోర్ట్ బ్లెయిర్‌కు దగ్గరలోని వండూరు వెళ్లాం. 1983 నుంచి ఉన్న మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానం అక్కడిది, పదిహేను దీవులు. అటవీ శాఖ అనుమతి తీసుకుని, ప్లాస్టిక్ సీసాలు ఒడ్డునే వదిలి, అందరితో కలిసి పెద్ద బోటులో జాలీ బోయ్ దీవికి పోవాలి. ప్రైవేటు లేదు, అన్న లేడు, అక్క లేదు. మాకైన ఖర్చు అంతకుముందు పోగొట్టుకున్న దానిలో మూడో వంతు కూడా లేదు. గాజు కింద చిలక చేపలు, జింక కొమ్ముల్లాంటి పగడాలు, పెద్ద ఆల్చిప్ప నీలి పెదవులు అన్నీ కనిపించాయి. పాప మాత్రం చేతులు రెండూ గౌను జేబుల్లోంచి తీయకుండా చూసింది.

పోలీసులకు చెప్పాలా, పర్యాటక శాఖకు రాయాలా అన్నది ఇంటికి చేరాక చూస్తాం. ఆయన బోటుకు అనుమతి ఉన్నదో లేదో కూడా మేము అడగలేదు కాబట్టి ఫిర్యాదులో ఏమి రాయాలో కూడా ఆలోచించుకోవాలి.

సలహా అడిగేవారి కోసం రెండు మాటలు. డబ్బు మొత్తం బోటు ఎక్కకముందే ఇవ్వకండి. పిల్లల జాకెట్లు మీ కళ్లతో చూసి, తొడిగి, లాగి చూడండి. బయలుదేరే సమయం, వెళ్లే చోటు మెసేజిలో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పినది గాలికి పోతుంది. ఉదయం అన్నది మధ్యాహ్నం అయితే డబ్బు పోయినా సరే వెనక్కి రండి. జాలీ బోయ్‌కు సోమవారం సెలవు, ఏడాదిలో కొన్ని నెలలు అది మూసి పక్కనున్న రెడ్ స్కిన్ దీవి తెరుస్తారు, ముందే కనుక్కోండి.

ఫిబ్రవరిలో కవల పిల్లలతో వెళుతున్నామని, ‘అన్న’ నంబరు ఎవరైనా ఇవ్వండని మొన్నామధ్య అడిగిన చెల్లెలికి: నంబరు ఇచ్చింది నేనే. అడ్వాన్సు ఇంకా పంపకపోతే ఆగమ్మా. పంపేసి ఉంటే నాకు విడిగా రాయి, ఇద్దరం కలిసి అడుగుదాం.