అదాలత్ సెంటర్ టైపింగ్ షాపు: ఐదుకు నాలుగు

హన్మకొండ అదాలత్ సెంటర్ చుట్టుపక్కల జిరాక్సు, టైపింగు షాపులకు కరువు లేదు. నేను చెప్పేది బోర్డు సగం వెలిసిపోయిన చిన్న షాపు గురించి.

ఫ్యామిలీ పెన్షన్ తక్కువగా కట్టారని అమ్మ అర్జీ పెట్టుకుంటే, నాన్న పనిచేసిన ఆఫీసు ‘రూల్స్ ప్రకారమే ఇస్తున్నాం’ అని ఒక్క లైనులో కొట్టేసింది. (సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం. ఏ శాఖో రాయను.) ఇక్కడి సివిల్ కోర్టులో దావా వేసేయండని తెలిసినవాళ్లు చెబితే, ఆ కాగితాలు టైపు చేయించడానికి వెళ్లాం.

షాపాయన కీబోర్డు ముట్టుకోలేదు. “అమ్మా, సార్ నౌకరీ స్టేటా, సెంట్రలా?” అని అడిగారు. సెంట్రల్ అనగానే “గట్లయితే ఈ కోర్టు కాదు, హైదరాబాద్ క్యాట్‌కు పోవాలె” అన్నారు. సెంట్రల్ ఉద్యోగుల సర్వీసు, పెన్షన్ తగాదాలు వినేది క్యాట్, అంటే సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునలే, సివిల్ కోర్టుకు ఆ అధికారం లేదు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగమైతే హైకోర్టుకు వెళ్లాలి, ఎందుకంటే మన రాష్ట్రానికి ఉన్న ట్రిబ్యునల్ 2016లోనే రద్దయింది.

తర్వాత లెటర్ అడిగారు. అమ్మ పోస్టు కవరు తీసి దాని మీది ముద్ర చూపించింది. ఆయన కవరు పక్కనబెట్టి, లోపలి కాగితం జిరాక్సు తీసి, తేదీ కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టారు. “లెటరెప్పుడచ్చిందని కాదమ్మా, ఆర్డరెప్పుడు రాసిండ్రో చూడాలె.” చట్టంలో ఉన్నదీ అదే, ఆర్డరు ఇచ్చిన తేదీ నుంచి ఏడాదిలోపు కేసు వేయాలి. అర్జీకి జవాబే రాకపోతే ఆరు నెలలు చూసి, ఆ తర్వాత ఏడాదిలోపు వేయాలి. రిమైండర్ల మీద రిమైండర్లు పంపితే గడువు పెరగదని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. ఇది విన్నప్పుడు, రిమైండరు టైపు చేయించుకోవడానికి మా వెనక నిలబడ్డాయన మొహం చూడాలి!

అమ్మ టెన్షన్ చూసి ఇంకో మాట చెప్పారు. రావాల్సిన దానికంటే పెన్షన్ నెలనెలా తక్కువగానే వస్తుంటుంది కాబట్టి ఆలస్యమైనా దారి పూర్తిగా మూసుకుపోదు, కాకపోతే పాత బకాయిలు మామూలుగా మూడేళ్లకు మించి రావు. 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. క్యాట్ ఫీజు 50 రూపాయలేనట. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంటుందని, లీగల్ సర్వీసెస్ ఆఫీసులో అడగమని కూడా ఆయనే చెప్పారు. దావా టైపు చేసి డబ్బులు తీసుకుంటే ఎవరడిగేవాళ్లు?

చివరికి మాకు టైపు చేసిచ్చింది తేదీల వారీ వివరం మాత్రమే, వకీలుకు చూపించడానికి. అందులోనే ఒక స్టార్ పోయింది. టైపింగు నత్తనడక. నాన్న ఇంటిపేరు రెండుచోట్ల రెండు రకాలుగా కొట్టారు, తప్పు ఆయనదే అయినా దిద్దిన పేజీకి మళ్లీ చార్జీ. ప్రింటుకు ముందు స్క్రీన్ మీదే చదువుకోండి. ఫోన్‌పే లేదు, చిల్లర తీసుకెళ్లండి. మధ్యాహ్నం భోజనం వేళ మాత్రం వెళ్లకండి, షట్టరు సగం దించి ఉంటుంది, పిలిచినా పలకరు.