ఫైవ్ విషెస్ లివింగ్ విల్ ఫారం: మంచిదే, రెండో కోరిక దగ్గర మాత్రం జాగ్రత్త

మాట చెప్పలేని స్థితి వస్తే ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకునే పత్రం లివింగ్ విల్. అమెరికాలో దాన్ని రాసుకుందామనుకునేవాళ్ల చేతికి తరచుగా వచ్చే ఫారం ఫైవ్ విషెస్, అంటే ఐదు కోరికలు. ఇందులో ఒక్కో భాగం ఒక్కో కోరిక. ఏజింగ్ విత్ డిగ్నిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని తయారుచేసింది. మొదట ఫ్లోరిడాకే పరిమితమైన ఈ ఫారం వకీళ్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ సాయంతో 1998లో దేశమంతటికీ వచ్చింది. చాలా రాష్ట్రాల సొంత ఫారాలు వకీళ్ల భాషలో నడుస్తాయి. ఇది ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపిస్తే అర్థమయ్యేలా ఉంటుంది, అందుకే తీసుకోమంటాం. అయితే రెండో కోరికలో టిక్కులు పెట్టేసి ఊరుకుంటే ఐసీయూలో అది అక్కరకు రాదు.

మొదటి కోరిక, మీరు చెప్పలేని స్థితిలో మీ తరఫున మాట్లాడే మనిషి ఎవరన్నది. ఒకరి పేరు, వాళ్లు అందకపోతే ఆ తర్వాత ఎవరన్నది వరసగా రాయాలి. పిల్లల్లో ఎవరూ నొచ్చుకోకూడదని ఇద్దరినీ కలిపి రాస్తుంటారు. అది తప్పు. ఇద్దరికీ మాట కలవకపోతే వైద్యం ఎటూ తేలకుండా నిలిచిపోతుంది. అర్ధరాత్రి ఫోనెత్తి, గుండె బరువెక్కినా తన ఇష్టం కాకుండా మీ మాటే చెప్పగల మనిషిని ఎంచుకోండి. ముందు వాళ్లను అడిగి ఒప్పించాకే పేరు రాయండి.

ఇక రెండోది. ఇందులో నాలుగు పరిస్థితులున్నాయి: చావు దగ్గరపడటం, మెలకువ వచ్చే ఆశ లేని కోమా, కోలుకోలేనంతగా మెదడు దెబ్బతినడం, ప్రాణాధార చికిత్స వద్దంటూ మీరు సొంతంగా రాసుకునే మరో స్థితి. మొదటి మూడింటిలో మీ డాక్టరుతో పాటు మరో వైద్య నిపుణుడు కూడా ఒప్పుకుంటేనే ఆ నిర్ణయం వర్తిస్తుంది. ఆ మూడింటిలో ఒక్కో దానికి ప్రాణాధార చికిత్స కావాలి, వద్దు, పనిచేస్తుందేమో చూసి లేకపోతే ఆపండి అనే మూడు జవాబులు. చిక్కు ఎక్కడంటే, ప్రాణాధార చికిత్స అన్న ఒక్క మాట కింద వెంటిలేటర్, ట్యూబుతో ఆహారం, ఆగిన గుండెను మళ్లీ కొట్టించే సీపీఆర్, డయాలిసిస్, రక్తం ఎక్కించడం, పెద్ద ఆపరేషన్, చివరికి యాంటీబయాటిక్స్ కూడా ఒకే మూటలో కట్టేశారు. ట్యూబు వద్దనుకునేవాళ్లు యాంటీబయాటిక్స్ కూడా వద్దనుకోవాలని ఏముంది? పరిమితులు రాయడానికి ఆ నిర్వచనం దగ్గరే ఖాళీ ఇచ్చారు. చాలామంది దాన్ని వదిలేస్తారు. ఒక్కో చికిత్స పేరూ పెట్టి, కావాలో వద్దో అక్కడ రాయండి.

చూసి ఆపండి అన్న మూడో జవాబుకు గడువు లేదు. నోట్లోంచి గొట్టం వేసి వెంటిలేటర్ మీద ఉంచాక, సుమారు రెండు వారాలకు డాక్టర్లు గొంతుకు రంధ్రం చేసే ట్రాకియాస్టమీ గురించి అడుగుతారు. దాంతోపాటే పొట్టకు ట్యూబు ప్రస్తావనా వస్తుంది. ఇంట్లోవాళ్లు ఎక్కువగా తడబడేది ఆ రోజే. 'పద్నాలుగు రోజులు చూడండి, మెరుగు లేకపోతే గొంతుకు రంధ్రం చేయొద్దు, వెంటిలేటర్ తీసి హాయిగా ఉంచండి' అని రాసి ఉంటే ఆ బరువు వాళ్ల నెత్తిన పడదు.

మతిమరుపు జబ్బు ముదిరిన దశకు ఈ ఫారంలో విడిగా చోటు లేదు. ఇది పెద్ద లోటు. నాలుగో ఖాళీని అందుకు వాడుకోండి. సొంతవాళ్లను గుర్తుపట్టలేక, నోటితో మింగలేని స్థితి వస్తే ఏం చేయాలో అందులో రాయాలి. ఆ దశలో పొట్టకు ట్యూబు వేసినంత మాత్రాన ఆయుష్షు పెరుగుతుందనే ఆధారం లేదని వైద్యులు చెబుతారు. చేత్తో కొంచెం కొంచెంగా తినిపించమని రాయొచ్చు.

మూడు, నాలుగు కోరికలు ఈ ఫారానికి ప్రాణం. మత్తుగా ఉన్నా సరే నొప్పి తగ్గే మందు ఇవ్వమనడం, పెదవులు ఎండకుండా తడపమనడం, జ్వరం వస్తే నుదుటి మీద చల్లటి గుడ్డ వేయమనడం, పలకకపోయినా చెయ్యి పట్టుకుని మాట్లాడమనడం, ఇవన్నీ ముందే అచ్చు వేసి ఉంటాయి. వద్దనుకున్నవి కొట్టేస్తే చాలు. ఐదోది క్షమాపణలు, అంత్యక్రియల గురించి.

సంతకానికి ఇద్దరు సాక్షులు కావాలి. రక్తసంబంధీకులు, వారసులు, మీరు ఎంచుకున్న ప్రతినిధి, వైద్యం చేసే డాక్టరు, ఆయన సిబ్బంది పనికిరారు. పక్కింటివాళ్లు సరిపోతారు. కొన్ని రాష్ట్రాల్లో నోటరీ, ఇంకొన్నిచోట్ల రాష్ట్రం సొంత ఫారం కూడా జతచేయాలి. మీ రాష్ట్రం సంగతి కనుక్కున్నాకే సంతకం పెట్టండి.

ఇది డాక్టరు ఉత్తర్వు కాదు. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే వచ్చిన అంబులెన్స్ సిబ్బంది దీన్ని చూసి సీపీఆర్ ఆపరు. జబ్బు ముదిరినవాళ్లకు, బాగా బలహీనపడినవాళ్లకు డాక్టరు సంతకంతో పోల్స్ట్ అనే విడి ఉత్తర్వు ఫారం ఉండాలి. కొన్ని రాష్ట్రాల్లో దాని పేరు వేరుగా ఉంటుంది. దాన్ని ఫ్రిజ్ తలుపు మీదో మంచం పక్కనో కనబడేలా పెట్టాలి.

అసలు ప్రతిని బ్యాంకు లాకర్లో దాచొద్దు, అవసరపడిన రోజు బ్యాంకు మూసి ఉండొచ్చు. ప్రతినిధికి, ఆ తర్వాతి వ్యక్తికి, డాక్టరుకు, ఆస్పత్రికి తలా ఒక నకలు ఇవ్వండి. మార్చి రాసినప్పుడు పాత నకళ్లన్నీ వెనక్కి తీసుకుని చింపేయండి. మీ వైద్య రికార్డులుండే ఆస్పత్రి ఆన్‌లైన్ పోర్టల్లో కొత్తది ఎక్కిందో, పాతదే ఉండిపోయిందో మీరే తెరిచి చూసుకోండి.