మూడు నెలల స్వీడిష్ క్లాసు: నా రివ్యూ

అనంతపురంలో ఇంట్లో కూర్చుని మూడు నెలలు ఆన్‌లైన్‌లో స్వీడిష్ నేర్చుకున్నాను. యూనివర్సిటీలో స్వీడిష్, డేనిష్, నార్వేజియన్ లాంటి స్కాండినేవియన్ భాషలు చదవాలని నా ఆశ. ఫీజు ఆరు వేలు.

మేడమ్ చెప్పే తీరుకు మాత్రం పూర్తి మార్కులు వేస్తాను. 'బూక్' అంటే పుస్తకం, 'బూకెన్' అంటే ఆ పుస్తకం. 'ఆ' అనే మాట ముందు కాకుండా తోకలా వెనక అతుక్కుంటుంది. పుస్తకంలో, పుస్తకానికి అని తోకలు తగిలించే మనకు ఇది చప్పున ఎక్కింది. ఏడు అంకెను స్వీడిష్‌లో పలకడం మాత్రం చుక్కలు చూపించింది. దీపం ఊదినట్టు గాలి వదలాలట. పక్క గదిలోంచి మా అవ్వ "ఏమైందిరా, ఆయాసమా?" అని అడిగింది!

1960ల చివరి నుంచి స్వీడన్‌లో చిన్నా పెద్దా అందరినీ 'డ్యూ', అంటే నువ్వు, అనడమే అలవాటైందట. మేడమ్‌ను అలా పిలవడానికి నాకు పది క్లాసులు పట్టింది. ఇప్పటికీ చివర్లో 'మేడమ్' తగిలిస్తాను.

కోపం ఎక్కడంటే, "డేనిష్, నార్వేజియన్ కూడా" అని చెప్పి చేర్చుకున్నారు. డేనిష్ ఒక్క క్లాసే. యాభైని రెండున్నర ఇరవైలుగా లెక్కపెడతారని చెప్పి ముగించారు. నార్వేజియన్ ఊసే లేదు. కరెంటు పోయి తప్పిన క్లాసుల రికార్డింగులు అడిగితే "పంపిస్తాం" అన్నారు, పంపలేదు.

ఇంకో సంగతి: 2011 నుంచి స్వీడన్‌లో మనలాంటి బయటి విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఉంది. అక్కడ చదువు ఫ్రీ అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఐదుకు మూడు స్టార్లు, మూడూ మేడమ్‌కే.