పాపను సైకిల్ మీద కూర్చోబెట్టే వెనక సీటు: పర్లాకిమిడిలో వాడి చూశాక

మా పాపకి రెండున్నరేళ్ళు, పదమూడు కిలోలు. పొద్దున నేను డ్యూటీకి వెళ్ళేముందు దాన్ని పాతపట్నంలో మా అమ్మ దగ్గర దింపాలి, మధ్యాహ్నం తిరిగి తెచ్చుకోవాలి. ఒడిశా దాటి ఆంధ్రాలోకి వెళ్ళడమన్న మాటే గానీ, సైకిల్‌కి అదేం పెద్ద దూరం కాదు. పాపని చంకనేసుకుని ఆటో కోసం ఎండలో నిలబడే కంటే సైకిలే నయమనిపించి, వేసవికి ముందు ఆన్‌లైన్‌లో ఒక సీటు తెప్పించాను. వెనక క్యారేజీ మీద బిగించే ప్లాస్టిక్ సీటు. భుజాల మీదుగా, నడుము పక్కల నుంచి, కాళ్ళ మధ్య నుంచి వచ్చే బెల్టు. పాదాలు పెట్టుకోడానికి రెండు వైపులా లోతైన గూళ్ళు. నాలుగు వేలకి కాస్త తక్కువ పడింది. ఎండల్లోనూ వానల్లోనూ వాడాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను.

సీటు మంచిదే, కొనుక్కోవచ్చు. అయితే ఇలాంటిది కొనేవాళ్ళందరూ ముందు బెల్టు లాగి చూస్తారు, మెత్త నొక్కి చూస్తారు. నేను ముందు చూసింది పాపాయి పాదం ఎక్కడ ఆనుతుంది, అక్కడి నుంచి చక్రానికి చేరే దారి ఏమైనా ఉందా అని.

దానికి కారణం ఉంది. నేను నర్సుని. డ్రెస్సింగ్ రూములో సైకిల్ చక్రంలో కాలు పడ్డ పిల్లల్ని చాలామందిని చూశాను. క్యారేజీ మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న పిల్ల గతుకు రాగానే భయపడి కాళ్ళు లోపలికి ముడుస్తుంది. మడమ పుల్లల మధ్యకి పోతుంది. తిరుగుతున్న చక్రం దాన్ని లాక్కెళ్ళి ఫ్రేము గొట్టానికేసి నొక్కేస్తుంది. మొదటి రోజు చూస్తే గీరుకుపోయినట్టే ఉంటుంది. ఎక్స్‌రేలో ఎముక బాగుందనగానే ఇంట్లోవాళ్ళు ఊరటపడతారు. కానీ అక్కడి చర్మం నలిగిపోయి ఉంటుంది, అది కొన్ని రోజులకి నల్లబడుతుంది. మడమ వెనక చర్మం పలచన, దాని కింద కండ ఉండదు, పిక్కని మడమకి కలిపే పెద్ద స్నాయువే ఉంటుంది. అందుకే ఆ పుండు వారాల తరబడి మానదు. ఒక్కోసారి వేరేచోట నుంచి చర్మం తీసి అతకాల్సి వస్తుంది. ఇంతా చేసి, చక్రానికి అడ్డంగా ఒక రేకు ఉంటే జరగనిది ఇది.

మా అత్తయ్య మాత్రం ముందు బారు మీద కూర్చోబెట్టుకోమన్నారు. "మీ మావయ్య మీ ఆయన్ని బారు మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టుకుని ఊళ్ళన్నీ తిప్పేవారు కదమ్మా, ఏమైంది?" అని. ముందు కూర్చుంటే పాప కళ్ళెదురుగా ఉంటుంది, కబుర్లు చెప్పుకోవచ్చు, ఆ మాట నిజమే. కానీ వట్టి బారు మీద కాళ్ళకి ఆధారం ఉండదు, పాదం ముందు చక్రంలోకి వెళ్ళొచ్చు. పిల్ల హ్యాండిల్ పట్టుకుని ఒక్కసారి పక్కకి లాగితే ఇద్దరం కింద ఉంటాం. ముందువైపు బిగించే అసలు సీట్లు వేరే ఉన్నాయి. యూరప్ ప్రమాణం ఈఎన్ 14344 వాటికి 15 కిలోలే హద్దు పెట్టింది. వెనక సీట్లకైతే 22 కిలోల దాకా ఒప్పుకుంటుంది. పదమూడు కిలోల పాపకి ముందు సీటు కొంటే ఎన్నాళ్ళు వస్తుంది? పైగా నాది లేడీస్ సైకిల్, బారే లేదు.

బజారులో ఇనప కమ్మీల సీటు కూడా చూశాను. ఆరేడు వందలకే ఇస్తారు. చుట్టూ కమ్మీ, కింద స్పాంజి, నడుముకి ఒక్క పట్టీ. కమ్మీ గట్టిదే, వెల్డింగ్ కూడా బాగుంది. కానీ కాళ్ళ కింద ఏమీ లేదు, పాదాలు నేరుగా పుల్లల పక్కన వేలాడతాయి. వీపు దగ్గర కమ్మీ భుజాల దాకా కూడా రాదు, పిల్ల వెనక్కి వాలితే మెడకి ఆసరా లేదు. ఎంత చవకైనా నేను దీన్ని కొనమని ఎవరికీ చెప్పను. ఇప్పటికే కొని ఉంటే కనీసం చక్రానికి రెండు వైపులా రేకు గానీ గట్టి జాలీ గానీ కొట్టించి, పాదాలు ఆనడానికి పట్టీలు పెట్టించండి.

చున్నీతో వీపుకి కట్టుకుని సైకిల్ తొక్కే తల్లుల్నీ మన వైపు చూస్తుంటాం. ఏడాది నిండని పిల్లల్ని సైకిల్ మీద ఏ రకంగానూ తీసుకెళ్ళొద్దని, ఒంటికి కట్టుకుని కూడా వద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. ఆ వయసులో మెడ హెల్మెట్ బరువుని మోయలేదు, కుదుపుల్ని తట్టుకోలేదు. నాదీ అదే మాట. కూర్చోవడం వచ్చింది కదా అని తొందరపడొద్దు.

ఇక బిగింపు. ఈ సీటు మా సైకిల్ మీదకి ఎక్కడానికి మా వీధి చివర సైకిల్ షాపు బాబాయ్ సాయం కావాల్సి వచ్చింది. ఆయన సీటుని అటూ ఇటూ తిప్పి చూసి, "సీటుకేం అమ్మా, గట్టిదే. దీన్ని మోసే క్యారేజీ సంగతి చూసుకోవాలి" అన్నారు. నా పాత క్యారేజీ సన్న కమ్మీది, టిఫిన్ డబ్బాకీ కూరల సంచీకీ సరిపోయేది. పిల్లల సీటు మోయాలంటే క్యారేజీ 27 కిలోలకి తట్టుకునేదై ఉండాలి. మన దగ్గర దొరికేవాటి మీద ఆ అంకె ఎక్కడా కొట్టి ఉండదు. అందుకని బియ్యం బస్తాలు కట్టుకునే పెద్ద సైకిళ్ళకి వేసే బరువైన క్యారేజీ తీసుకున్నాం. నాలుగు ఊతలూ ఇరుసు దగ్గరికి దిగేది. దాని బోల్టులకి లాక్ నట్లు వేశారు.

తర్వాత ఆయన చేసిన పని నాకు చాలా నచ్చింది. తొక్కేవాళ్ళ సీటు కింద రెండు పెద్ద స్ప్రింగులు ఉంటాయి కదా. మనం కూర్చుంటే అవి నొక్కుకుంటాయి, గతుకులో ఇంకా నొక్కుకుంటాయి. వెనక కూర్చున్న పిల్లకి అవి సరిగ్గా చేతికందే ఎత్తులో ఉంటాయి. వేలు పెట్టిందంటే నలిగిపోతుంది. పాత స్కూటర్ ట్యూబు ముక్క కోసి ఆ స్ప్రింగుల చుట్టూ తొడిగి, సన్న తీగతో బిగించి, తీగ కొసలు లోపలికి మడిచి వేలితో తడిమి చూశారు. సీటు పెట్టెలో వచ్చిన కాగితంలో స్ప్రింగులు కప్పుకోండి అని ఒక్క ముక్క ఉంది, కప్పడానికి మాత్రం ఏమీ ఇవ్వలేదు. ఆ కాగితం కూడా తెలుగులో లేదు, ఒడియాలో లేదు.

స్టాండు కూడా మార్పించాను. పక్క స్టాండు మీద పాపతో సహా సైకిల్ ఒరిగితే తల నేలకి తగులుతుంది. రెండు కాళ్ళ స్టాండు వేయించాక కూడా, సైకిల్‌ని నా తుంటికి ఆనించుకునే పాపని ఎక్కిస్తాను. సంచులన్నీ తగిలించాక ఆఖర్న పాప ఎక్కుతుంది, ఇల్లు చేరగానే ముందు పాపే దిగుతుంది. పాపని సీట్లో ఉంచి కూరగాయల బండి దగ్గరికి నాలుగడుగులు కూడా వెళ్ళను. జెంట్స్ సైకిల్ ఉన్నవాళ్ళు ఇంకోటి ఆలోచించుకోవాలి. ఎత్తు వీపున్న సీటు వెనక ఉంటే కాలు వెనక నుంచి తిప్పి ఎక్కలేరు.

హెల్మెట్ విడిగా కొన్నాను. 2022 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నియమం ప్రకారం మోటార్ సైకిల్ మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్ ఉండాలి. సరైన ప్రమాణం ఉన్న సైకిల్ హెల్మెట్ అయినా చెల్లుతుంది. ఆ నియమం మన తొక్కుడు సైకిల్‌కి కాదు, కానీ చిన్నపిల్లల హెల్మెట్ల యూరప్ ప్రమాణం ఈఎన్ 1080 ముద్ర ఉన్నది ఒకటి కొంటే పాప వాళ్ళ నాన్న బండి మీదా పనికొస్తుంది. ఇక్కడో చిక్కు ఉంది. హెల్మెట్ వెనకభాగం ఉబ్బెత్తుగా ఉంటే సీటు వీపుకి తగిలి తల ముందుకి వంగిపోతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది. వెనక చదునుగా ఉన్నదే తీసుకోండి. సైకిల్ దిగగానే హెల్మెట్ తీసేయండి. దాంతో ఊయల దగ్గరా జారుడుబల్ల దగ్గరా ఆడితే అది ఎక్కడైనా ఇరుక్కుని పట్టీ మెడకి బిగుసుకోవచ్చు.

నడిపేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. సీటూ పాపా కలిసి అంత ఎత్తులో వెనక కూర్చునేసరికి, నెమ్మదిగా వెళ్ళేటప్పుడు హ్యాండిల్ ఊగుతుంది. రైలు గేటు దగ్గర పట్టాలని అడ్డదిడ్డంగా కాకుండా సూటిగా దాటాలి, లేకపోతే దిగి నడిపించాలి. నేను దిగుతాను. వానలో నికెల్ రిమ్ముల మీద బ్రేకు సరిగ్గా పట్టదు. తడి రోడ్డు మీద ముందు నుంచే బ్రేకు అదుముతూ రావాలి. నా చున్నీ వెనక ముడి వేసుకుని నడుములోకి దోపుకుంటాను. పాప గౌనుకి లేసులు, నాడాలు ఉండనివ్వను.

లోపాలు చెప్పాలి. నల్ల మెత్త ఎండలో కాలిపోతుంది, బెల్టు బకిల్ ఇంకా ఎక్కువ. తువ్వాలు కప్పి ఉంచినా కూర్చోబెట్టేముందు అరచేయి ఆనించి చూస్తాను. వానలో తడిస్తే మెత్త ఒక పూటలో ఆరదు. వీపు వెనక్కి వాలదు, పాప కునుకు తీస్తే తల పక్కకి పడిపోతుంది. అప్పుడిక తొక్కను, ఇంటిదాకా నడిపించుకొస్తాను. క్యారేజీ బోల్టులు గతుకులకి వదులవుతాయి, స్పానర్ సంచీలోనే ఉండాలి. అన్నిటికంటే బాధ కలిగించింది పాదం పట్టీ. రబ్బరు పట్టీకి చిల్లులు, ఆ చిల్లుల్లో దూరే ప్లాస్టిక్ మేకు. ఒక వైపు మేకు విరిగింది. కొత్తది విడిగా అమ్మం అన్నారు అమ్మినవాళ్ళు, సీటు మొత్తం మార్చుకోమన్నారు. పాదాన్ని పట్టి ఉంచేది అదే కదా, అది విడిగా దొరకకపోతే ఎలా? ప్రస్తుతానికి బాబాయ్ బూటు పట్టీ బకిల్ కుట్టించి పెట్టారు, గట్టిగానే ఉంది. ఈ ఒక్క కారణానికే ఐదుకి నాలుగు ఇస్తున్నాను.

ఇద్దరు పిల్లలున్న పక్కింటి అప్ప అడిగింది, ఒకర్ని ముందు, ఒకర్ని వెనక పెట్టుకోవచ్చా అని. మన సైకిల్‌కి అంత బరువు వద్దన్నాను. సైకిల్ వెనక తగిలించే రెండు చక్రాల ట్రెయిలర్‌లో ఇద్దరు పడతారు, సైకిల్ పడినా అది బోర్లాపడదు. కానీ అది నేలకి దగ్గరగా ఉంటుంది, మన రోడ్డు మీద లారీవాడికి కనపడదు. వాళ్ళ చిన్నవాడికి ఇంకా పది నెలలే. ప్రస్తుతం పెద్దదాన్ని మాత్రమే సీట్లో తీసుకెళ్తోంది, అది నా సీటులాంటిదే, క్యారేజీ కూడా అదే బాబాయ్ దగ్గర మార్పించుకుంది.