సంఘం ముందా, తలుపు వేసిన గదిలోనా?

వివాదంలో చిక్కిన సభ్యుడి గురించి చర్చి నలుగురిలో చెప్పాలా, గుట్టుగా తేల్చుకోవాలా? మత్తయి సువార్త 18వ అధ్యాయం గుట్టుకే ముందు చోటిచ్చింది: మొదట ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, అప్పటికీ వినకపోతేనే సంఘానికి. పరువు దక్కుతుంది, తిరిగొచ్చే దారీ ఉంటుంది. కానీ మౌనం పుకార్లకు మేత.

ప్రకటిస్తే గుసగుసలు ఆగుతాయా? నాకైతే అనుమానమే. యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖ కూటంలో ఫలానా వ్యక్తి ఇకపై యెహోవాసాక్షి కాదని ఒక్క మాట చదువుతారు, కారణం చెప్పరు. ఇక ఊహలకు అడ్డేముంది? ఒక్కోసారి ఇంట్లోవాళ్లూ అక్కడే కూర్చుని వింటుంటారు.

నా మటుకు మామూలు సభ్యుడి విషయం గదిలోనే ముగియాలి. సంఘ పెద్దలదైతే వేరు, బైబిల్లో తిమోతికి రాసిన మొదటి పత్రిక (5:20) వాళ్లను అందరి ముందే గద్దించమంటుంది. పిల్లలకు హాని జరిగితే మాత్రం ముందు పోలీసులకు చెప్పాలి, సంఘం సంగతి తర్వాత.