బంతి, కర్ర, సముద్రం: ఇద్దరమే చేసిన రెండు యాత్రలు

తిరుపతిలో కాపురముండేవారికి యాత్ర అంటే తాము ఎక్కడికో వెళ్లడం కన్నా, ఎక్కడెక్కడి నుంచో చుట్టాలు తమ ఇంటికి రావడమే ఎక్కువ. గది దొరికిందా, సామాన్లు ఎక్కడ పెట్టారు, క్యూ కాంప్లెక్సులో ఎంతసేపు కూర్చోవలసి వచ్చింది, కొండ దిగడానికి బస్సు వెంటనే దొరికిందా అని ముప్పై ఏళ్లుగా వాళ్ల తరఫున విచారించి విచారించి, ఇప్పుడు నేను ఏ ఊరికి వెళ్లినా ఆ ఊరు వచ్చినవారిని ఎలా చూసుకుంటున్నదన్నదే ముందుగా కంటికి ఆనుతుంది. ఈ రెండు ప్రయాణాలనూ ఆ కంటితోనే చూశాను. మొదటిది 2024 జూన్‌లో ఇంగ్లండు దక్షిణ తీరంలోని హేస్టింగ్స్‌కు, రెండోది 2025 ఫిబ్రవరిలో చెన్నై దాటి మహాబలిపురానికి. రెండుసార్లూ వెళ్లింది మావారూ నేనూ మాత్రమే. చూసినవి మాత్రం ఎక్కువగా పిల్లలున్న కుటుంబాల కోసం కట్టిన చోట్లు, వాటిలో ముఖ్యమైనవి మినీ గోల్ఫ్ ఆడే మైదానాలు.

లండన్‌లో ఉంటున్న మా అమ్మాయి ఆఫీసుకు సెలవు దొరకక, మమ్మల్ని ఒక శుక్రవారం ఉదయం చేరింగ్ క్రాస్ స్టేషనులో రైలెక్కించింది. గంటన్నర పైచిలుకు ప్రయాణం. హేస్టింగ్స్‌లో దిగి సముద్రం వైపు నడిస్తే, అక్కడి తీరం మనం అనుకునే ఇసుక తీరం కాదు, కాళ్ల కింద కరకరమనే గులకరాళ్ల తీరం. చెప్పులు విప్పి నడవడం మావల్ల కాలేదు. రేవు లేని ఊరు కనుక చేపల పడవలను ఆ రాళ్ల మీదికే లాగి నిలబెడతారు. వాటి వెనక, వలలు దాచుకోవడానికి తారు పూసిన నల్లని చెక్క గదులు, సన్నగా, మూడంతస్తుల ఎత్తున వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక ఊరికి సముద్రం బతుకుతెరువూ వినోదమూ రెండూ అయి, ఆ రెండూ ఒకదాన్నొకటి తరిమేయకుండా పక్కపక్కనే ఉండడం నాకు ఎంతో నచ్చింది.

మినీ గోల్ఫ్ మైదానం ఆ తీరం రోడ్డు పక్కనే ఉంది. గోల్ఫ్ అనగానే ఎకరాల కొద్దీ పచ్చికా, సంచీ మోసే మనుషులూ గుర్తుకొస్తారు కానీ, ఈ ఆటకు అవేవీ అక్కర్లేదు. పట్టర్ అనే పొట్టి కర్ర ఒకటి, రంగు బంతి ఒకటి, కొన్ని గజాల పొడవున పచ్చటి తివాచీ పరచిన బాట, చివర ఒక గుంట. అలాంటి బాటలు 18. అన్నింటినీ కలిపి తక్కువ దెబ్బల్లో ముగించినవారిదే గెలుపు. హేస్టింగ్స్‌లో ఇలాంటి 18 గుంటల మైదానాలు మూడు పక్కపక్కనే ఉన్నాయి. గాలిమర లాంటి పాతకాలపు అడ్డంకులున్న మైదానాన్ని వాళ్లు క్రేజీ గోల్ఫ్ అంటారు, 2003 నుంచి ఈ ఆటకు ప్రపంచ పోటీలు ఈ ఊళ్లోనే జరుగుతున్నాయి. ఆట మూలాలు ఇంకా వెనక్కి వెళతాయి. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో 1867లోనే ఆడవాళ్లు తమకంటూ ఒక పట్టింగ్ క్లబ్బు పెట్టుకున్నారు, ఎగుడుదిగుడుగా ఉండే ఆ మైదానాన్ని ‘హిమాలయాస్’ అని పిలుస్తారు. చేతులు భుజాల పైకెత్తి బంతిని బలంగా కొట్టడం ఆడవాళ్లకు మర్యాద కాదని ఆనాడు అనుకునేవారు కనుక, నేల మీద మెల్లగా దొర్లించే ఆట వాళ్ల సొంతమయింది. ఈ సంగతి తెలిసిన తరువాత నాకు ఆ కర్ర మీద అభిమానం మరింత పెరిగింది.

కౌంటరులో ఉన్న పెద్దావిడ మమ్మల్ని చూసి పిల్లలేరీ అని అడగలేదు. ఏ రంగు బంతి కావాలో ఎంచుకోమని పళ్లెం లాంటి దాన్ని ముందుకు జరిపింది. మావారు ఎరుపు, నేను పసుపు తీసుకున్నాం. మా ఎత్తులు చూసి చెరొక కర్ర ఇచ్చి, లెక్క రాసుకోవడానికి ఒక కార్డూ, వేలెడంత పెన్సిలూ చేతిలో పెట్టింది. మొదటి ఐదారు గుంటల దగ్గర మేము ఇద్దరమూ బంతిని అవసరానికి మించిన బలంతో కొట్టి, గోడ తగిలి వెనక్కి రావడం చూస్తూ నిలబడ్డాం. గాలిమర దగ్గరికి వచ్చేసరికి అసలు కిటుకు తెలిసింది. రెక్క తిరుగుతూ ద్వారానికి అడ్డం వచ్చి పోతుంటుంది. ఖాళీ కనబడగానే కొడితే బంతి అక్కడికి చేరే వేళకు రెండో రెక్క వచ్చేస్తుంది. రెక్క ద్వారాన్ని మూసి ఉన్నప్పుడే కొట్టాలి, బంతి చేరేలోపు అది తొలగిపోతుంది. ఇది నాకు మూడో దెబ్బలో అర్థమయింది, మావారికి ఆరో దెబ్బ తరువాత నేను చెప్పవలసి వచ్చింది. మా వెనక ఇద్దరు చిన్న పిల్లలతో ఒక కుటుంబం వస్తుంటే, మేము పక్కకు తప్పుకొని వారిని ముందుకు పొమ్మన్నాం, వాళ్లు కృతజ్ఞత చెప్పి ముందుకు సాగారు. ఆ గంటా పావుసేపు మా ఇద్దరిలో ఎవరమూ ఫోను చేతిలోకి తీసుకోలేదన్న సంగతి కార్డు కూడినప్పుడు గానీ గుర్తుకు రాలేదు. ఆయనకు 61 దెబ్బలు, నాకు 57.

ఆ మైదానంలో నేను ప్రత్యేకంగా గమనించింది నిర్వహణ. ముందురోజు రాత్రి వాన కురిసింది, అయినా ఒక్క గుంటలోనూ నీరు నిలవలేదు. వంగి చూస్తే ప్రతి గుంట అడుగునా నీరు పోవడానికి చిన్న రంధ్రం ఉంది. తివాచీ అంచు ఎక్కడా లేచి లేదు, అతుకు దగ్గర బంతి ఆగిపోలేదు. ఈ ఆటలో ఖర్చంతా కట్టేటప్పుడే ఉంటుందని అనుకుంటాం కానీ, రోజూ ఆకులు ఊడ్చి, అంచులు అతికించి, విరిగిన రెక్కకు రంగు వేసే మనిషి లేకపోతే ఎంత డబ్బు పోసి కట్టినా అది ఆరు నెలల ముచ్చటే.

బస మాత్రం మధ్యరకం. సముద్రానికి రెండు వీధుల వెనక ఒక పాత ఇంటి రెండో అంతస్తులో గది ఇచ్చారు. మెట్లు ఎంత ఇరుకుగా ఉన్నాయంటే, పెట్టెను మావారు పైనుంచి లాగగా నేను కింది నుంచి తోశాను. గదిలో నీళ్లు కాచుకునే కెటిల్, టీ పొడి పొట్లాలు, చిన్న పాల డబ్బీలు పెట్టి ఉండడం మాత్రం ప్రాణానికి హాయిగా అనిపించింది. పొద్దున్నే ఇంటావిడ మేము మాంసాహారులం కామని గుర్తుపెట్టుకొని, అడగకముందే వేయించిన పుట్టగొడుగులు, టమాటాలు, రొట్టె తెచ్చి పెట్టింది. మోకాళ్ల నొప్పులున్నవారు ఇలాంటి బసలలో గది తీసుకునేముందు ఎన్ని మెట్లున్నాయో తప్పక అడగాలి. కొండ ఎక్కడానికి మాత్రం ఆ ఊళ్లో మెట్ల బాధ లేదు. వెస్ట్ హిల్‌కు 1891 నుంచి నడుస్తున్న తాడు బండి సొరంగంలో నుంచి పైకి తీసుకుపోతుంది, ఈస్ట్ హిల్‌కు మరొకటి ఉంది. సాయంత్రం తొమ్మిది దాటినా ఇంకా వెలుతురున్న ఆకాశం కింద, పైన బల్ల మీద కూర్చొని ఊరంతా చూశాం.

మరుసటి వారం అమ్మాయితో కలిసి సౌత్ఎండ్‌కు వెళ్లాం. అక్కడి పియర్ అనే వంతెన రెండు కిలోమీటర్లకు పైగా సముద్రంలోకి పోతుంది, దాని మీదే చిన్న రైలు నడుస్తుంది. పోయేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు నడక అని పెట్టుకుంటే బాగుంటుంది. ఆ వంతెన తప్ప మిగిలిన తీరమంతా గోలగా అనిపించింది, అక్కడ ఆడటానికి మాకు ఓపిక లేకపోయింది.

తిరిగి వచ్చాక, మన తీరంలో ఇలాంటిది ఎక్కడుందని వెతకడం మొదలుపెట్టాను. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై చేరి, ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టుకుంటే మహాబలిపురానికి ఒక పూటలో వెళ్లిపోవచ్చు. ఆ రోడ్డు పక్కన ఒక రిసార్టువాళ్లు తమ సౌకర్యాలలో మినీ గోల్ఫ్ అని రాసుకున్నారు. ఫోను చేసి మరీ అడిగితే ‘ఉందమ్మా, రండి’ అన్నారు. రెండు రాత్రులకు గది తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, కిటికీ తెరిస్తే సముద్రం, పొద్దున పెట్టిన పొంగలి, గొత్సు మన తిరుపతి టిఫిను సెంటర్లతో పోటీపడేలా ఉన్నాయి. అందుకే ఆ మైదానం చూసినప్పుడు మరింత బాధ కలిగింది. తొమ్మిదే గుంటలు. తివాచీ అంచులు ఎండకు మాడిన అప్పడంలా పైకి లేచి ఉన్నాయి. మూడో గుంటలో ఎప్పటిదో నీరు, అందులో నానిన వేపాకు, తోకలాడిస్తూ దోమపిల్లలు. కర్రలు స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు, తాళంచెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్లాడు. గంటసేపు కాచుకుంటే రెండు కర్రలు వచ్చాయి, ఒకదానికి పిడి తొడుగు ఊడిపోయింది. తెచ్చిన కుర్రవాడు మర్యాదగానే అడిగాడు: “పిల్లలు రాలేదా అమ్మా? ఇది పిల్లల ఆట కదా.” మాకోసమేనని చెబితే నమ్మలేనట్టు మావారి వైపు చూశాడు.

ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. మన దగ్గర వినోదస్థలాలన్నీ ఒక లెక్కతోనే కడుతున్నారు: పిల్లలు ఆడతారు, పెద్దలు బల్ల మీద కూర్చొని సంచులు కాస్తారు. యాభై ఐదు దాటిన భార్యాభర్తలు తమంత తాము ఆడుకోవడానికి వస్తారన్న ఆలోచన ఆ లెక్కలో లేదు. దర్శనానికో, శుభకార్యానికో, ఆసుపత్రికో తప్ప ఇద్దరూ కలిసి బయటికి వెళ్లే సందర్భాలు మన ఇళ్లలో ఎన్ని ఉంటాయి? వెళ్లేముందు మేనేజరును కలిసి, గుంటల అడుగున రంధ్రాలు వేయించమనీ, అంచులు అతికించమనీ, కర్రలు కౌంటరులోనే ఉంచమనీ చెప్పాను. ఆయన విసుగు చూపకుండా కాగితం మీద రాసుకున్నారు, అందుకు గౌరవిస్తాను.

ఆ దారిలో మిగిలిన చోట్లు మాత్రం మా మనసు నింపాయి. ముట్టుకాడు దగ్గరి దక్షిణచిత్రకు సగం రోజు కేటాయించుకోవాలి, మంగళవారం సెలవు. 1996లో తెరిచిన ఈ ఆవరణలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. తెలుగువారి భాగంలో విశాఖ తీరపు చుట్టిల్లు, నల్గొండ నేతపనివారి ఇల్లు ఉన్నాయి. చుట్టిల్లు లోపల మట్టి అరుగు మీద కూర్చోగానే బయటి ఎండ మరిచిపోయాం, మావారు వాళ్ల అమ్మమ్మగారి ఊళ్లోని బోద ఇల్లు తలుచుకొని చాలాసేపు మాట్లాడారు. 1976లో మొదలైన మొసళ్ల కేంద్రం సోమవారం మూసి ఉంటుంది. పిల్లలు ఆశ్చర్యపోయే చోటే కానీ, మాకు గంట చాలింది. మహాబలిపురంలో తీరాలయానికీ పంచరథాలకూ కలిపి తీసుకునే 40 రూపాయల టిక్కెట్టు ఇచ్చే తృప్తికి సాటి లేదు. తెరవగానే వెళ్లినవారికి రాయి చల్లగా ఉంటుంది, పదింటి తరువాత చెప్పులు లేని కాళ్లకు నడక కష్టం. వెన్నముద్ద బండరాయి వాలులో పిల్లలతో పాటు పెద్దలు కూడా జారుతున్నారు. అక్కడ మాత్రం వయసు ఎవరూ అడగలేదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు మా తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది. వాకాడు మండలంలోని తూపిలిపాలెం తీరానికి మహాబలిపురం నుంచి వచ్చిన మరుసటి నెలలోనే వెళ్లి చూశాం. విశాలమైన ఇసుక, కాలి కింద గులకరాయి లేని నడక, వెనక సరుగుడు తోటలు, వేటకు వెళ్లి వచ్చిన పడవల చుట్టూ కాకులు. నీడ, మరుగుదొడ్డి మాత్రం కావలసినంత లేవు, ఆడవాళ్లతో వెళ్లేవారు ఈ సంగతి ముందే తెలుసుకొని వెళ్లాలి. సరుగుడు నీడలో 18 గుంటల బాట వేయడానికి చాలా స్థలం అక్కర్లేదు, సిమెంటూ తివాచీ తప్ప పెద్ద యంత్రాలూ అక్కర్లేదు. తిరుపతి ఊళ్లో కూడా అంతే. దర్శనం అయిపోయి, రాత్రి రైలుకు ఇంకా ఆరు గంటలుందని మా ఇంటి వరండాలో కూర్చునే చుట్టాలకు నేను జంతు ప్రదర్శనశాల, సైన్సు సెంటరు, చంద్రగిరి కోట తప్ప నాలుగో పేరు చెప్పలేకపోతున్నాను. ఆ మూడూ చూసేవి, ఇద్దరు కలిసి ఆడేది ఒకటి ఉంటే చెప్పాలని ఉంది.

ప్రస్తుతానికి మా మిద్దె మీదే ఆడుతున్నాం. అమ్మాయి పంపిన రెండు పట్టర్లు, పడుకోబెట్టిన ఇత్తడి చెంబు. వాననీరు పోవడానికి మిద్దెకు తూము వైపు కొద్దిగా వాలు ఉంది, నేరుగా కొట్టిన బంతి చివరి రెండు గజాల్లో కుడికి తిరిగిపోతుంది. జానెడు ఎడమకు గురిపెట్టాలని మావారు ఈ మధ్యే కనిపెట్టారు, నాతో చెప్పకుండా వారం రోజులు దాచుకున్నారు కూడా. ఘాట్ రోడ్డు దీపాలు వెలిగేదాకా ఆడి, పాత క్యాలెండరు వెనక లెక్క రాస్తాం. నిన్నటికి ఆయన గెలిచినవి 41, నేను గెలిచినవి 38.