ఆర్‌వీకి రోడ్‌సైడ్ ప్లాన్ కొన్నవాళ్ళు అందులో బరువు ఎంతవరకు అని ఉందో ఈరోజే చూసుకోండి

కోపం చల్లారకముందే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. శనివారం నుంచి అరిజోనా కింగ్‌మన్‌లో ఒక మోటెల్లో ఉన్నాం, మా ఆర్‌వీ (లోపలే ఉండి ప్రయాణం చేసే ఇల్లులాంటి బండి) ఇక్కడే ఒక యార్డులో పడి ఉంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ప్లాన్, అంటే దారిలో బండి ఆగిపోతే సాయం పంపే ప్లాన్, లేక కాదు, ఉంది. మూడేళ్ళకి 689 డాలర్లు కట్టి కొన్నాం. అందులోంచి ఒక్క డాలరు కూడా రాదని ఈరోజు పొద్దున మెయిల్ పెట్టేశారు.

మాకు బండి, ప్లాన్ రెండూ అమ్మిన డీలర్ పేరు రాయను. కాలిఫోర్నియాలో మనవాళ్ళు చాలామంది పాత ఆర్‌వీలు కొన్నది ఆ లాట్‌లోనే, ఎవరి గురించో మీకు అర్థమైపోతుంది. మాది 2014 క్లాస్ సి, అంటే వ్యాన్ ముందు భాగం ఉంచి వెనక ఇల్లు కట్టిన రకం, 31 అడుగులు, ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టింది. మార్చిలో కొన్నాం. అమ్మానాన్నలు ఒంగోలు నుంచి వచ్చారని గ్రాండ్ కాన్యన్ తీసుకెళ్ళి, శనివారం ఐ-40 హైవే మీద ఇంటికి వస్తున్నాం. సెలిగ్మన్ దాటి 30 మైళ్ళు వచ్చామో లేదో స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. బ్యాటరీ లైటు వెలిగింది, బ్రేకు రాయిలా గట్టిపడింది, టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. మావారు ఎలాగో షోల్డర్ మీదకి లాగి ఆపారు. వాటర్ పంప్ పట్టేసి బెల్టు తెగిందని తర్వాత తెలిసింది. ఈ బండిలో ఆ ఒక్క బెల్టే ఆల్టర్నేటర్‌నీ పవర్ స్టీరింగ్‌నీ కూడా తిప్పుతుంది, బ్రేకుకి సాయం కూడా ఆ స్టీరింగ్ పంప్ నుంచే వస్తుంది. అందుకే అన్నీ ఒకేసారి పోయాయి.

బయట 98 డిగ్రీల ఫారెన్‌హీట్. లోపల ఇద్దరు పిల్లలు, అమ్మ, 72 ఏళ్ళ నాన్న. నాన్నకి సుగర్, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది. ఫ్రిజ్ ప్రొపేన్ మీద నడుస్తుంది కాబట్టి దానికి భయం లేదు. జనరేటర్ వేసి ఏసీ పెట్టాం. కానీ జనరేటర్ కూడా బండి ట్యాంకులోంచే పెట్రోలు తీసుకుంటుంది, ట్యాంకు పావు వంతుకి రాగానే ఆగిపోతుంది, మనం రోడ్డు మీద పెట్రోలు లేకుండా మిగిలిపోకూడదని అలా పెడతారు. మేం కింగ్‌మన్‌లో పోయించుకుందాం అనుకున్నాం. గంటన్నరకే జనరేటర్ ఆగింది, ఏసీ ఆగింది. హైవే పోలీసు ఆఫీసరు ఒకాయన వచ్చి, పక్కనుంచి ట్రక్కులు పోతుంటే బండిలో కూర్చోవడం ప్రమాదం అని అందరినీ దింపి, కంచె దగ్గర చిన్న నీడ చూసి కూర్చోబెట్టారు. అమ్మ చీర కొంగు పిల్లల తల మీద కప్పి కూర్చుంది. అది చూస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు.

ప్లాన్ వాళ్ళకి బండి ఆగిన పది నిమిషాల్లోనే ఫోన్ చేశాను. విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు) అడిగారు, మోడల్ అడిగారు, పొడవు అడిగారు, అన్నీ చెప్పాను. గంటన్నరలో ట్రక్ వస్తుందన్నారు. దాదాపు మూడు గంటలకి వచ్చింది. కార్లు ఎక్కించుకునే మామూలు ఫ్లాట్‌బెడ్. డ్రైవర్ దిగి మా బండిని కిందనుంచి పైదాకా చూసి, ఇది నేను ఎత్తలేను, మీడియం డ్యూటీ రెకర్ (బరువైన బండ్లని లాగే పెద్ద ట్రక్) కావాలి, మీది ఆర్‌వీ అని నాకు ఎవరూ చెప్పలేదు అన్నాడు. అతని తప్పేం లేదు. పిల్లలకి రెండు నీళ్ళ సీసాలిచ్చి వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి వచ్చినావిడ అడిగిన మొదటి మాట, మీ వాహనం జీవీడబ్ల్యూఆర్ ఎంత అని. అంటే బండి, సామాను, నీళ్ళు, మనుషులు అన్నీ కలిపి ఉండగలిగే గరిష్ఠ బరువు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. చూసి చెప్పాను, 14,500 పౌండ్లు. కాసేపు కీబోర్డు చప్పుడు. తర్వాత, మీ ప్లాన్‌లో టోయింగ్ (బండిని లాక్కెళ్ళడం) 10,000 పౌండ్ల వరకే అంది. నేను అన్నాను, ప్లాన్ కాగితం మీద ఈ ఆర్‌వీ విన్ నంబరే ఉంది కదా, ఈ బండి కోసమే కదా నాకు అమ్మారు, మూడు గంటల క్రితం ఇవే వివరాలన్నీ మీవాళ్ళకి చెప్పాను కదా, అప్పుడెందుకు చెప్పలేదు? అప్పుడే చెప్పి ఉంటే మేం వేరే ట్రక్ పిలుచుకునేవాళ్ళం కదా! ఆవిడ గొంతులో ఏ మార్పూ లేదు. "మేం ట్రక్ పంపాం మేడమ్. మీ వాహనం దానికి సరిపోకపోతే ఈ సంఘటనకి సంబంధించి మా సర్వీసు పూర్తయినట్టే. ఇంకేమైనా సాయం కావాలా?" అంది.

ఎండలో ముసలివాళ్ళున్నారు, చిన్నపిల్లలున్నారు, కనీసం పెద్ద ట్రక్ ఉన్నవాళ్ళ నంబరైనా ఇవ్వండి అని బతిమాలాను. అది మా సర్వీసులో లేదు అని ఫోన్ పెట్టేసింది. నాన్న నా మొహం చూసి "ఏమన్నారమ్మా, వస్తున్నారా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు.

అక్కడినుంచే డీలర్ దగ్గర ఫైనాన్స్ గదిలో మాకు ప్లాన్ అమ్మినతనికి చేశాను. నేను మర్చిపోలేనిది ఇదే. మార్చిలో ఇతనే "పంక్చర్ నుంచి ట్రాన్స్‌మిషన్ దాకా, అమెరికాలో ఎక్కడ ఆగినా ఒక్క ఫోన్ చాలు" అన్నాడు. ఇతనే పేజీలు గబగబా తిప్పుతూ ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టి సంతకాలు పెట్టించాడు. శనివారం అదే మనిషి నాతో అన్న మాట: "మీరు సంతకం పెట్టిన కాగితం మీరు చదవలేదా మేడమ్? ఆర్‌వీ కొన్నారు, దాని బరువు ఎంతో తెలుసుకోలేదా?" ఆ బండి అమ్మింది వాళ్ళు, దాని బరువు వాళ్ళకి తెలుసు, ఆ ప్లాన్ దానికి పనికిరాదనీ తెలుసు. కార్లు కొనేవాళ్ళకి అమ్మే ప్లాన్‌నే మాకూ అంటగట్టారు.

చదవలేదు. నిజమే. సంతకం పెట్టింది నేనే, మావారు ఆ టైములో పిల్లలతో లాట్‌లో ఉన్నారు. రాత్రి మోటెల్లో ఫోన్‌లో ఆ పీడీఎఫ్ తెరిచి చూస్తే 11వ పేజీలో ఉంది, ఒకటే వాక్యం. చదవడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం నేను పెట్టి ఉంటే అమ్మానాన్నలు ఆ ఎండలో కూర్చునేవాళ్ళు కాదు.

చివరికి ఆ ఆఫీసరే కింగ్‌మన్‌లో పెద్ద రెకర్ ఉన్నవాళ్ళకి కబురు పెట్టారు. వాళ్ళు వచ్చి డ్రైవ్‌షాఫ్ట్ విప్పి లాగారు, 40 మైళ్ళకి 1,480 డాలర్లు. లాగుతున్న ఆర్‌వీలో మనుషులు కూర్చోకూడదు, ట్రక్ క్యాబిన్‌లో ముగ్గురికే చోటు. మావారు, అమ్మానాన్నలు అందులో వెళ్ళారు, నేను పిల్లలతో టాక్సీ కోసం ఇంకో గంట. ఆదివారం గరాజ్ లేదు కాబట్టి యార్డులో రోజుకి 60 డాలర్లు. ఈరోజు వెళ్ళిన మొదటి గరాజ్‌లో తలుపు ఎత్తు మా బండికి చాలలేదు, రెండో వాళ్ళు గురువారం చూస్తామన్నారు.

బిల్లులన్నీ పంపితే వచ్చిన జవాబు: బరువు పరిమితి ఒకటి, మా అనుమతి లేకుండా మీరే ట్రక్ పిలిచారు కాబట్టి ఎలాగూ తిరిగి ఇవ్వం అన్నది రెండోది. అనుమతి అడగడానికే కదా నేను ఫోన్‌లో బతిమాలింది! మోటెల్ ఖర్చుకి ట్రిప్ ఇంటరప్షన్ అని ఒక లైన్ ఉంది, అది యాక్సిడెంట్ అయితేనే అట, బండి దానంతటది చెడిపోతే వర్తించదట.

మీ దగ్గర ఏ ప్లాన్ ఉన్నా తలుపు దగ్గర స్టిక్కర్ మీద జీవీడబ్ల్యూఆర్ చూసి, ఆ అంకె రాసి, "ఈ బండిని లాగుతారా, ఎన్ని మైళ్ళు, ఎన్ని డాలర్ల వరకు" అని మెయిల్లో అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్ మాట నమ్మొద్దు. ఆర్‌వీల కోసమే ఉన్న ప్లాన్లు వేరే ఉన్నాయి, రిపేరు చేయగలిగిన దగ్గరి గరాజ్ దాకా మైళ్ళ లెక్క లేకుండా లాగేవి. ప్లాన్ అంటే లాగడం వరకే, పార్టులు, రిపేరు మన ఖర్చే. క్లాస్ సి బండ్లలో కొన్నింటికి స్పేర్ టైరు ఉండదు, టైరు సర్వీసు అంటే మీ దగ్గరున్న స్పేర్ మార్చిపెట్టడమే, అదీ చూసుకోండి. ట్యాంకు సగానికి రాగానే నింపుకోండి, ముఖ్యంగా పెద్దవాళ్ళు, పిల్లలు ఉంటే.

ఆ లాట్‌లో కొన్నవాళ్ళు 11వ పేజీ చూడండి. మీదీ ఇదే ప్లాన్ అయితే నాకు చెప్పండి. స్టేట్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు రాస్తున్నాను, కలిసి పెడదాం.